కళ్లు, నోరు ఎండిపోతున్నాయా? షోగ్రెన్ వ్యాధి నిర్ధారణకు సమగ్ర మార్గదర్శి

కళ్లలో ఇసుక పడినట్టు గరగర. మాట మధ్యలో నాలుక అంగిలికి అతుక్కుపోవడం. పొడి పదార్థం ఏది తిన్నా గుటక గుటకకూ నీళ్లు కావాల్సి రావడం. ఇవి మూడు నెలలు దాటి రోజూ వేధిస్తుంటే వయసు వల్లనో, వాతావరణం వల్లనో అని సరిపెట్టుకోకండి. వీటి వెనుక షోగ్రెన్ వ్యాధి ఉండవచ్చు.

ఈ వ్యాధిని కనిపెట్టే పరీక్షలు చాలానే ఉన్నాయి. అయినా నిర్ధారణకు ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కళ్ల మంటతో కంటి వైద్యుల దగ్గరకు, పుచ్చుతున్న పళ్లతో దంత వైద్యుల దగ్గరకు, కీళ్ల నొప్పులతో ఇంకొకరి దగ్గరకు వెళతాం. ఎవరి పరిధిలో వారు సరైన చికిత్సే చేస్తారు, కానీ అన్నిటినీ ఒకచోట చేర్చి చూసేవారు ఉండరు. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి అడుగూ ఒక్క పని కోసమే: కంటి నుంచి, నోటి నుంచి, రక్తం నుంచి వచ్చిన ఆధారాలన్నీ ఒకే వైద్యుల ముందుకు చేరాలి. కీళ్ల వ్యాధులు, రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ వ్యాధులు చూసే రుమటాలజిస్టు ఆ పనికి తగినవారు.

ముందుగా, ఇది ఎలాంటి వ్యాధి?

శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద దాడి చేస్తుంది. లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు ఆ గ్రంథుల్లో గుంపులుగా చేరతాయి. స్రావాలు క్రమంగా తగ్గిపోతాయి. స్వీడన్‌కు చెందిన కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో తన పరిశోధన గ్రంథంలో కళ్లు ఎండిపోయిన 19 మంది స్త్రీల గురించి రాశారు. వారిలో 13 మందికి కీళ్ల వ్యాధి కూడా ఉంది. అంటే ఇది ఒంటినంతటినీ తాకే వ్యాధి అన్న సూచన మొదటి నుంచే ఉంది.

రోగుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలు. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య బయటపడుతుంది. యువతులకు, పురుషులకు, పిల్లలకు కూడా రావచ్చు. పిల్లల్లో పొడిబారడం కంటే చెవుల కింద బుగ్గలు పదేపదే వాచిపోవడమే ముందు కనిపిస్తుంది. కొందరిలో ఈ వ్యాధి ఒక్కటే ఉంటుంది, మరికొందరిలో కీళ్లను దెబ్బతీసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కో, లూపస్ అనే మరో ఆటోఇమ్యూన్ వ్యాధికో తోడుగా వస్తుంది. రిపోర్టుల్లో షోగ్రెన్ సిండ్రోమ్ అని ఉన్నా, షోగ్రెన్ వ్యాధి అని ఉన్నా రెండూ ఒకటే.

మొదటి అడుగు: లక్షణాలను రాసిపెట్టుకోవడం

వైద్యుల ముందు కూర్చున్నాక సగం విషయాలు గుర్తుకు రావు. ఇంట్లోనే తీరిగ్గా ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు రాయండి. కళ్లు పొడిబారి మూడు నెలలకు పైగా రోజూ ఇబ్బంది పెడుతున్నాయా? కళ్లలో ఇసుకో, నలుసో ఉన్నట్టు మళ్లీ మళ్లీ అనిపిస్తోందా? కృత్రిమ కన్నీటి చుక్కలు రోజుకు మూడుసార్ల కంటే ఎక్కువ వేసుకోవాల్సి వస్తోందా? నోరు మూడు నెలలకు పైగా రోజూ ఎండిపోతోందా? పొడి ఆహారం మింగడానికి తరచూ ఏదో ఒక ద్రవం తాగాల్సి వస్తోందా? అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉన్న ప్రశ్నలు ఇవే. ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా తర్వాతి పరీక్షలకు తగిన కారణం ఉన్నట్టే.

మరో పుటలో పొడిబారడంతో సంబంధం లేనట్టు కనిపించే వాటిని రాయండి. నా దృష్టిలో అసలు ఆధారాలు ఎక్కువగా ఈ పుటలోనే దొరుకుతాయి. ఎంత నిద్రపోయినా తీరని నిస్సత్తువ, ఉదయం వేళ కీళ్లు బిగుసుకుపోవడం, చెవి కింద బుగ్గ వాచి తగ్గుతూ ఉండటం, చలికి వేళ్లు తెల్లబడి తర్వాత నీలంగా మారడం, కాళ్ల మీద ఎర్రని లేదా ఊదారంగు మచ్చలు, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, తగ్గని పొడి దగ్గు. స్త్రీలలో యోని పొడిబారి కలయిక బాధాకరంగా మారడం కూడా ఈ వ్యాధి లక్షణమే. చెప్పడానికి మొహమాటపడి చాలామంది దీన్ని దాచేస్తారు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి.

పళ్ల చరిత్ర కూడా కావాలి. చిగురును ఆనుకుని పంటి మొదట్లో వరసగా పుచ్చడం, కొన్నాళ్లలోనే అనేక పళ్లకు చికిత్స అవసరం కావడం, పెదవుల మూలలు చీలడం, నాలుక ఎర్రగా నున్నగా మారడం, నోటిలో తరచూ ఫంగస్ పూత రావడం లాలాజలం తగ్గిందనడానికి గుర్తులు. అవి ఎప్పుడు మొదలయ్యాయో తేదీ వేయండి. సరైన తేదీ తెలియకపోతే ఏ సంవత్సరమో రాసినా చాలు.

రెండో అడుగు: ఇతర కారణాలను పక్కకు తీయడం

కళ్లు, నోరు ఎండినవారిలో అందరికీ షోగ్రెన్ ఉండదు. అతి సామాన్యమైన కారణం మందులు. అలర్జీకి వాడే యాంటీహిస్టమిన్లు, కుంగుబాటుకు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటి మందులు, మూత్రం ఆపుకోలేని సమస్యకు ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు నోటిని ఎండబెడతాయి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ కళ్లను పొడిబారుస్తుంది. మీరు వాడే ప్రతి మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన కాలం రాసుకెళ్లండి. దుకాణంలో అడిగి కొనుక్కున్న జలుబు మాత్రను కూడా వదలకండి. మందు మొదలైన కొన్ని వారాలకే నోరు ఎండటం మొదలైతే ముందు అనుమానించాల్సింది ఆ మందునే. అయితే ఏ మందునూ సొంతంగా ఆపకండి. పరీక్షలకు ముందు ఏది, ఎన్నాళ్లు ఆపవచ్చో దాన్ని రాసిన వైద్యులే చెప్పాలి.

అదుపులో లేని మధుమేహం, నోటితో ఊపిరి తీసే అలవాటు, గంటల తరబడి రెప్పవేయకుండా తెర చూడటం, రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోవడం వల్ల కూడా ఇవే లక్షణాలు వస్తాయి. ఈ నూనె గ్రంథుల సమస్య షోగ్రెన్ ఉన్నవారిలోనూ ఉండవచ్చు కాబట్టి అది కనిపించినంత మాత్రాన వెతకడం ఆపకూడదు.

తల, మెడ భాగానికి రేడియేషన్ చికిత్స జరిగి ఉంటే, చురుకుగా ఉన్న హెపటైటిస్ సి, ఎయిడ్స్, సార్కాయిడోసిస్, అమైలాయిడోసిస్, ఐజీజీ4 సంబంధిత వ్యాధి వంటి అరుదైన జబ్బులు ఉంటే, మూలకణాల మార్పిడి తర్వాత దాత కణాలు శరీరం మీద దాడి చేసే స్థితి ఉంటే, ప్రమాణాల ప్రకారం షోగ్రెన్ కింద లెక్కించరు. ఇవన్నీ గ్రంథులను అదే తీరులో దెబ్బతీయగలవు. హెపటైటిస్ సి, హెచ్ఐవి పరీక్షలు రాస్తే కంగారు పడకండి, అనుమానించారని బాధపడకండి. ఈ దారిలో అవి తప్పనిసరి మెట్లు.

మూడో అడుగు: కంటి పరీక్షలు

కంటి వైద్యుల దగ్గరకు వెళ్లినప్పుడు "కళ్లు మండుతున్నాయి" అని ఊరుకోకుండా "షోగ్రెన్ అనుమానం ఉంది, దానికి సంబంధించిన పరీక్షలు చేయండి" అని స్పష్టంగా అడగండి. ఆ ఒక్క మాటతో పరీక్షల తీరే మారుతుంది.

షర్మర్ పరీక్షలో 5 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. పొడవు ఉన్న వడపోత కాగితాన్ని కింది రెప్ప లోపల, బయటి అంచు వైపు తగిలిస్తారు. అయిదు నిమిషాల తర్వాత ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో కొలుస్తారు. కనీసం ఒక కంట్లో 5 మి.మీ. లేదా అంతకంటే తక్కువ తడిస్తే ఫలితం షోగ్రెన్‌కు అనుకూలం. ఈ లెక్కకు మత్తు చుక్కలు వేయకుండా చేసిన పరీక్షే కావాలి. కాస్త చిరాకుగా ఉంటుంది తప్ప నొప్పి పెద్దగా ఉండదు. ఫలితం ఒక రోజుకూ ఇంకో రోజుకూ మారుతుంది. అందువల్ల ఒకసారి 8 మి.మీ. వచ్చిందని వ్యాధి లేదనుకోవడం తొందరపాటే.

రెండోది రంగు పరీక్ష. ఫ్లోరెసిన్ అనే పసుపు రంగుతో నల్లగుడ్డు మీది పారదర్శక పొరను, లిసమిన్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగుతో తెల్లగుడ్డును కప్పిన పొరను చూస్తారు. తడి లేక దెబ్బతిన్న చోట్ల రంగు పట్టుకుంటుంది. దాన్ని బట్టి ఒక్కో కంటికి 0 నుంచి 12 వరకు మార్కులు వేస్తారు. ఒక కంట్లో 5 లేదా అంతకు మించి వస్తే ఫలితం అనుకూలం. కన్నీటి పొర ఎన్ని సెకన్లలో చెదిరిపోతోందో కూడా చూస్తారు. పది సెకన్లలోపే చెదిరితే పొర నిలకడగా లేదని అర్థం. ఈ కొలత ఏడో అడుగులో చెప్పే షోగ్రెన్ పాయింట్లలోకి రాదు కానీ చికిత్సకు పనికొస్తుంది.

అంకెలను రాతపూర్వకంగా తీసుకోండి. "కళ్లు పొడిగా ఉన్నాయి" అని మాత్రమే రాసిన చీటీ రుమటాలజిస్టుకు దాదాపు ఉపయోగపడదు. కాంటాక్టు లెన్సులు వాడేవారు ఎన్ని రోజుల ముందు ఆపాలో, చుక్కలు ఎప్పటి నుంచి మానాలో ముందే కనుక్కోవాలి.

నాలుగో అడుగు: లాలాజలాన్ని కొలవడం

ఇది చాలా తేలికైన పరీక్ష. ఖర్చు లేదు, సూది లేదు. అయినా చేసేవారు తక్కువ. దంత వైద్యులనో, రుమటాలజిస్టునో అడిగి చేయించుకోండి. పరీక్షకు ముందు గంటసేపు తినకూడదు, తాగకూడదు, పళ్లు తోముకోకూడదు, పొగ తాగకూడదు. తర్వాత కదలకుండా కూర్చుని, నమలకుండా, నోట్లో చేరిన లాలాజలాన్ని కొలత ఉన్న గిన్నెలోకి వదులుతూ ఉండాలి. నిమిషానికి 0.1 మి.లీ. లేదా అంతకంటే తక్కువ, అంటే 15 నిమిషాలకు 1.5 మి.లీ. మించకపోతే లాలాజలం బాగా తగ్గిపోయినట్టు. ఆరోగ్యవంతుల్లో నిమిషానికి సుమారు 0.3 నుంచి 0.4 మి.లీ. ఊరుతుంది.

లాలాజల గ్రంథుల అల్ట్రాసౌండ్ ఇప్పుడు చాలాచోట్ల చేస్తున్నారు. వ్యాధి ఉన్న గ్రంథిలో నల్లటి చుక్కలు చుక్కలుగా గుంతల్లాంటి భాగాలు కనిపిస్తాయి. నొప్పి లేని పరీక్ష కాబట్టి చేయించడం మంచిదే. అయితే కింద చెప్పబోయే పాయింట్ల పట్టికలో దానికి చోటు లేదు.

అయిదో అడుగు: రక్త పరీక్షలు, వాటిని చదివే తీరు

ఎక్కువ అపోహలు ఇక్కడే ఉన్నాయి. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

అన్నిటిలో కీలకమైనది యాంటీ ఎస్ఎస్ఏ పరీక్ష. దీన్ని యాంటీ రో అని కూడా అంటారు. సొంత కణాల్లోని రో అనే ప్రోటీన్ మీద దాడి చేసే యాంటీబాడీలను ఇది వెతుకుతుంది. షోగ్రెన్ ఉన్నవారిలో దాదాపు 60 నుంచి 70 శాతం మందిలో ఇది పాజిటివ్‌గా వస్తుంది. ఈ లెక్కను రెండో వైపు నుంచి చదవండి: మిగిలిన 30 నుంచి 40 శాతం మందికి వ్యాధి ఉన్నా ఈ పరీక్ష నెగెటివే. "రక్తం బాగుంది, మీకేమీ లేదు" అన్న మాటతో ఇంటికి తిరిగి వచ్చి, ఏళ్ల తరబడి తమ బాధను తామే అనుమానించుకున్నవారు ఎక్కువగా ఈ వర్గంలోనివారే. నెగెటివ్ ఫలితం చేతికొచ్చినప్పుడు పెదవి నుంచి చిన్న గ్రంథులు తీసి పరీక్షించే బయాప్సీ గురించి అడగాలి.

కణ కేంద్రకం మీద దాడి చేసే యాంటీబాడీలను వెతికే ఏఎన్ఏ పరీక్ష ఎక్కువమందిలో పాజిటివ్‌గా ఉంటుంది. కానీ ఆరోగ్యవంతుల్లోనూ, ఇతర వ్యాధుల్లోనూ అది పాజిటివ్ కావచ్చు. దాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేం. పైగా ఏఎన్ఏ నెగెటివ్ వచ్చిందని యాంటీ ఎస్ఎస్ఏ పరీక్షను కొందరు రాయరు. ఏఎన్ఏ పరీక్షా విధానంలో రో యాంటీబాడీలు కొన్నిసార్లు తప్పించుకుంటాయి. కాబట్టి అనుమానం బలంగా ఉంటే యాంటీ ఎస్ఎస్ఏను విడిగా చేయించాలి. రిపోర్టులో రో60, రో52 అని రెండు వేరువేరుగా ఉండవచ్చు. రో52 ఒక్కటే పాజిటివ్ అయితే కండరాల వాపు వ్యాధులు, ఊపిరితిత్తుల వ్యాధులు కూడా లెక్కలోకి వస్తాయి. యాంటీ ఎస్ఎస్‌బీ అనే మరో యాంటీబాడీ ఒక్కటే పాజిటివ్ కావడానికి పెద్ద విలువ లేదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే యాంటీబాడీ షోగ్రెన్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి పాజిటివ్ వస్తుంది. అది చూసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని ముద్ర వేయడం సరికాదు.

వీటితోపాటు రక్తకణాల లెక్క, ఒంట్లో వాపును సూచించే ఈఎస్ఆర్, సీఆర్పీ, యాంటీబాడీ ప్రోటీన్లైన ఇమ్యునోగ్లోబ్యులిన్లు, రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీ3, సీ4 ప్రోటీన్లు, కిడ్నీ, లివర్, థైరాయిడ్ పరీక్షలు, రక్తంలో చక్కెర, మూత్ర పరీక్ష చేస్తారు. ఈఎస్ఆర్ బాగా ఎక్కువగా ఉండి సీఆర్పీ మామూలుగా ఉండటం ఈ వ్యాధిలో తరచూ కనిపిస్తుంది. ఇమ్యునోగ్లోబ్యులిన్లు పెరగడం అందుకు ఒక కారణం. పొటాషియం పరీక్షను తేలికగా తీసుకోకండి. షోగ్రెన్ కిడ్నీ నాళికలను దెబ్బతీస్తే పొటాషియం పడిపోయి, ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ కదల్చలేని బలహీనత రావచ్చు. కళ్లు, నోరు ఎండిన సంగతి రోగి గమనించకముందే ఆ బలహీనతతో ఆసుపత్రిలో చేరినవారూ ఉంటారు.

ఆరో అడుగు: పెదవి బయాప్సీ

బయాప్సీ అనగానే క్యాన్సర్ గుర్తొచ్చి గుండె జారిపోతుంది. ఈ బయాప్సీ ఉద్దేశం వేరు. కింది పెదవి లోపలి వైపు గింజల్లా ఉండే చిన్న లాలాజల గ్రంథులు అనేకం ఉంటాయి. మత్తు సూది వేసి, చిన్న గాటు పెట్టి, నాలుగు నుంచి ఆరు గ్రంథులు తీస్తారు. పని కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. కొన్ని రోజులు వాపు, నొప్పి ఉంటాయి. కొందరికి పెదవిలో కొంత భాగం తిమ్మిరిగా ఉండి వారాల్లోనో, నెలల్లోనో తగ్గుతుంది. అరుదుగా ఆ తిమ్మిరి అలాగే ఉండిపోతుంది. ఈ విషయాన్ని ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పాలి.

సూక్ష్మదర్శినిలో చూసేది లింఫోసైట్ల గుంపులను. ఒకచోట 50 లేదా అంతకు మించి లింఫోసైట్లు చేరితే దాన్ని ఒక ఫోకస్ అంటారు. ప్రతి 4 చదరపు మి.మీ.లకు ఎన్ని ఫోకస్‌లు ఉన్నాయో లెక్కించి ఫోకస్ స్కోరు ఇస్తారు. స్కోరు 1 లేదా అంతకు మించితే పాజిటివ్. రిపోర్టులో ఈ అంకె లేకుండా "దీర్ఘకాలిక వాపు" అని మాత్రమే ఉంటే అది చాలదు. మామూలు వాపు వయసుతోనూ వస్తుంది. స్లైడ్లను మళ్లీ చూసి స్కోరు ఇమ్మని అడిగే హక్కు మీకుంది, అవసరమైతే లాలాజల గ్రంథుల బయాప్సీలు ఎక్కువగా చదివే పాథాలజిస్టు దగ్గరకు పంపమని కోరవచ్చు. పొగతాగే అలవాటు స్కోరును తగ్గించి చూపవచ్చు. ఆ సంగతి కూడా దాచకండి.

ఏడో అడుగు: అన్నిటినీ కలిపి తూచడం

అమెరికా, ఐరోపా రుమటాలజీ సంఘాలు కలిసి 2016లో ప్రకటించిన ప్రమాణాల్లో అయిదు అంశాలు ఉన్నాయి. యాంటీ ఎస్ఎస్ఏ పాజిటివ్‌కు 3 పాయింట్లు, బయాప్సీ పాజిటివ్‌కు 3. కంటి రంగు పరీక్ష, షర్మర్, లాలాజలం కొలత ఒక్కోదానికి 1. మొత్తం 4 లేదా అంతకు మించితే షోగ్రెన్ కిందకు వస్తుంది.

ఈ అంకెలను కాస్త కలిపి చూడండి. కంటి, నోటి పరీక్షలు మూడూ పాజిటివ్ అయినా 3 దగ్గరే ఆగిపోతారు. రక్తంలో యాంటీబాడీయో, బయాప్సీలో ఆధారమో లేకుండా నాలుగుకు చేరలేరు. యాంటీ ఎస్ఎస్ఏ పాజిటివ్‌తోపాటు కంటి పరీక్షల్లో ఒక్కటి పాజిటివ్ అయినా నాలుగు వచ్చేస్తుంది. అలాంటివారికి నిర్ధారణ కోసం సాధారణంగా బయాప్సీ అక్కర్లేదు. యాంటీబాడీ నెగెటివ్ వచ్చినవారికి మాత్రం బయాప్సీ తప్ప దారి లేదు. ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నారో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. ఈ ప్రమాణాలను ప్రధానంగా పరిశోధనల్లో రోగులను ఒకే తీరుగా ఎంపిక చేయడానికి రూపొందించారు. మూడు పాయింట్లే వచ్చినా, నరాల సమస్యో, బుగ్గల వాపో బలంగా కనిపిస్తే అనుభవమున్న రుమటాలజిస్టు వ్యాధిని నిర్ధారించి చికిత్స మొదలుపెట్టవచ్చు. అలా చేయడం తప్పు కాదు.

ఎనిమిదో అడుగు: ఇతర అవయవాలను చూడటం

పేరు తేలిన తర్వాత వ్యాధి ఎంతవరకు వ్యాపించిందో చూడాలి. దగ్గు, ఆయాసం ఉంటే ఛాతీ స్కాన్, శ్వాస పరీక్షలు. తిమ్మిర్లు ఉంటే నరాల పరీక్షలు. సన్న నరాలు దెబ్బతిన్నప్పుడు మామూలు నరాల పరీక్ష సరిగ్గానే ఉండవచ్చు, అప్పుడు చర్మం నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు.

షోగ్రెన్ ఉన్నవారిలో లింఫోమా అనే లింఫోసైట్ల క్యాన్సర్ వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. జీవితకాలంలో సుమారు 5 శాతం మందిలో కనిపిస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక బుగ్గ వాచి తగ్గకుండా గట్టిపడటం, మెడలోనో చంకలోనో గడ్డలు, కారణం లేని జ్వరం, బరువు తగ్గడం, కాళ్ల మీద చేతికి తగిలే ఊదారంగు మచ్చలు, రక్తంలో సీ4 తగ్గడం, చలికి గడ్డకట్టే క్రయోగ్లోబ్యులిన్లు అనే ప్రోటీన్లు కనిపించడం వంటివి ఉంటే తదుపరి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు.

గర్భం ధరించాలనుకునేవారు, ధరించినవారు యాంటీ ఎస్ఎస్ఏ పాజిటివ్ అయితే ప్రసూతి వైద్యులకు మొదటి రోజే చెప్పాలి. ఈ యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి, 1 నుంచి 2 శాతం గర్భాల్లో బిడ్డ గుండె లయను అడ్డగిస్తాయి. అందుకే సాధారణంగా 16 నుంచి 26 వారాల మధ్య బిడ్డ గుండెను ప్రత్యేక స్కాన్లతో గమనిస్తారు. గతంలో అలాంటి బిడ్డ పుట్టి ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. వారికి హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు గురించి ముందే చర్చించాలి. పొడిబారడం ఏమాత్రం లేని స్త్రీలలో కూడా ఈ యాంటీబాడీ ఉండవచ్చు.

ఏదీ తేలకపోతే

కొందరికి అన్ని పరీక్షల తర్వాత కూడా సమాధానం దొరకదు. అప్పుడు "షోగ్రెన్ లేదు" అనే మాటకూ "ఇప్పటికి ఆధారం దొరకలేదు" అనే మాటకూ ఉన్న తేడాను వైద్యులతో స్పష్టంగా రాయించుకోండి. ఎన్ని నెలలకు మళ్లీ చూడాలో, ఏ కొత్త లక్షణం వస్తే ముందే రావాలో అడగండి. ఈలోగా కళ్లను, పళ్లను కాపాడుకోవడానికి నిర్ధారణ అక్కర్లేదు. ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, చక్కెర లేని చూయింగ్ గమ్, ఆరు నెలలకోసారి లేదా అంతకు ముందే దంత పరీక్ష వెంటనే మొదలుపెట్టవచ్చు. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒకే ఫైలులో ఉంచి, కంటికి, పంటికి, కీళ్లకు ఏ వైద్యుల దగ్గరకు వెళ్లినా ఆ ఫైలునే వెంట తీసుకెళ్లండి.